వీపు చూడకూడని లక్ష్మి

లక్ష్మీదేవి అమ్ముడుపోనని మొండికేసిందని ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన మా ఊరి వైట్ టౌన్‌లో ఒక కథ తిరుగుతోంది. టూరిస్టులను వీధి వీధీ నడిపించే గైడ్లు మా పాత దుకాణం గుమ్మం ముందు ఆగి మరీ చెబుతున్నారు. శుక్రవారం నాడట, ఒక దొర దేవిని కొనబోయాడట, కరెంటు పోయిందట, దొర చేతిలోని భూతద్దం జారి పగిలిందట, దేవి ఈ గడప దాటనని బిగుసుకుందట. శుద్ధ అబద్ధం! కరెంటు పోలేదు. భూతద్దం పగల్లేదు, అది ఇప్పటికీ నా సొరుగులో ఉంది. ఆ పూట దొర దుకాణంలోనే లేడు. ఇక గడప సంగతి: ఆవిడ శుభ్రంగా దాటింది, నా కళ్ళముందే దాటింది. మొండికేసింది దేవి కాదు, నేను.

మన దగ్గర ఇదొక అలవాటు. ఆడమనిషి ఎదురుచెప్పి నెగ్గితే పూనకం అంటారు, కాకపోతే మహిమ అంటారు. వాదన అని మాత్రం అనరు. అందుకే ఈ సంగతి నేనే రాస్తున్నాను. పాత మెడళ్ళూ టోకెన్లూ పోగుచేసే సరదా మీ వయసు పిల్లల్లో ఈమధ్య బాగా పెరిగింది. ఫోన్లలో ఫొటోలు పెట్టి "మేడం, దీని విలువెంత?" అని నన్ను అడుగుతుంటారు. విలువ సంగతి తర్వాత. ముందిది వినండి.

మాది నాణేల దుకాణం కాదు. ఈ మాట చెప్పీ చెప్పీ నా గొంతు అరిగింది. నాణెం ఖర్చుపెట్టడానికి. మెడల్ గుర్తుపెట్టుకోవడానికి. యూరప్‌లో రాజుగారి పెళ్ళయినా, వంతెన కట్టినా, పశువుల సంతలో ఎద్దు గెలిచినా ఒక మెడల్ కొట్టించేవాళ్ళు. టోకెన్ ఇంకో రకం. అది ఒక రొట్టెకో, ఒక పడవ ప్రయాణానికో, ఒక రోజు కూలికో బదులుగా నిలబడుతుంది. మా నాన్న మిల్లు గేటు దగ్గర రోజూ ఇత్తడి బిళ్ళ తీసుకుని లోపలికెళ్ళి, వచ్చేటప్పుడు తిరిగిచ్చేవాడు. ఆ బిళ్ళ పోగొట్టుకుంటే ఆ రోజుకు మనిషే లేనట్టు లెక్క. అంత చిన్న లోహపు ముక్కకు అంత అధికారం ఎక్కడిదన్న ఆశ్చర్యం చిన్నప్పుడే నన్ను పట్టుకుంది. కాలేజీలో చరిత్రా ఫ్రెంచీ చదివాక కూడా వదల్లేదు. అలా ఆ దుకాణంలో చేరాను. కళ్ళు మొరాయించి పని మానేసేదాకా అక్కడే ఉన్నాను.

మా యజమానిని ఊరంతా ముస్యే అని, అంటే ఫ్రెంచిలో అయ్యగారూ అని, పిలిచేది. ఫ్రెంచి బడిలో చదివిన తమిళాయన. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, కోపం వస్తే ఫ్రెంచి, బాగా కోపం వస్తే తమిళం. తెలుగు అర్థమయ్యేది గానీ మాట్లాడేవాడు కాదు. మా సంభాషణలన్నీ ఆ రెండు భాషల్లోనే జరిగాయి. ఇక్కడ నా తెలుగులో చెబుతున్నాను. ఉద్యోగం అడగడానికి వెళ్ళిన రోజు ఆయన నా చేతిలో ఒక మెడల్ పెట్టాడు. నేను దానిమీది రాణిగారి మొహం చూస్తూ మురిసిపోతుంటే బల్ల మీద చరిచాడు.

"మొహం చూసి మోసపోవడానికి పెళ్ళిచూపులున్నాయి. ఇక్కడ ముందు అంచు చూడు. తర్వాత వీపు చూడు. మొహం ఆఖర్న."

"మరి మీరు నన్ను ఏ వైపు నుంచి చూస్తున్నారు?" అన్నాను. ఆయన నవ్వి ఉద్యోగం ఇచ్చాడు. అంచు, వీపు, మొహం. ఈ వరస గుర్తుంచుకోండి. ఈ కథంతా దానిమీదే నడుస్తుంది.

ఒక గురువారం మధ్యాహ్నం, యాభై దాటిన ఒక పెద్దమనిషి తుండుగుడ్డలో చుట్టిన మెడల్ తెచ్చాడు. ఊరికి పడమర పల్లెలో తరతరాలుగా వ్యవసాయం చేస్తున్న తెలుగు కుటుంబం. నా మాట వినగానే మనవాళ్ళేనని గుర్తుపట్టి అక్కా అని వరస కలిపేశాడు. గుడ్డ విప్పి బల్ల మీద పెడితే, కొత్త కుళాయిలా ధగధగలాడిపోతోంది.

"చూడక్కా, ఎట్లా మెరస్తా ఉండాదో! నిన్న సాయంత్రం చింతపండేసి తోమించినా. బంగారం మాదిరి ల్యా?"

నేను భూతద్దం కింద పెట్టేశాను. "తోమించినావా? నీ ఒంటిమీద తోలు ఒలిచేసి, మెరస్తా ఉండాదే అంటే నీకెట్లుంటాది?"

"అదేందక్కా, అమ్మే వస్తువు అందంగా ఉండాల గదా!"

మన ఇళ్ళలో పండగ వస్తే చేసే పనే అది. ఇత్తడి కనబడితే చాలు, చింతపండు, ముగ్గుపిండి, కొబ్బరిపీచు. కానీ పాత కంచు మీద ఏళ్ళ తరబడి పట్టే గోధుమరంగు చాయ ఉంటుందే, పాటినా అంటాం, అదే దాని వయసు. దాన్ని తోమేస్తే పుట్టినరోజు కాగితం చింపేసినట్టే. మన చింతపండుకు బలైపోయిన యూరప్ రాజుల్ని నేను ఎంతమందిని చూశానో!

సరే, మిగిలింది చూద్దామని దగ్గరికి తీసుకున్నాను. చేతిలో ధాన్యపు కంకుల మోపు, ఇంకో చేతిలో కొడవలి, కాళ్ళ దగ్గర నాగలి, నిలబడి ఉన్న ఒక స్త్రీ. రోమన్ల ధాన్యదేవత. ఫ్రెంచివాళ్ళు వ్యవసాయ పోటీల బహుమతి మెడళ్ళ మీద ఈవిడను వేసేవాళ్ళు. ముక్కు అరిగిపోయింది. కనుబొమల మధ్య చిన్న గుంట పడి ఉంది. గుంట ఎందుకు పడిందో ఒక క్షణం అర్థం కాలేదు. అంతలో అర్థమైంది. కుంకం! వేలితో బొట్టు పెట్టీ పెట్టీ, తుడిచీ తుడిచీ, కంచు అరిగిపోయింది!

"మా యింట్లో లక్ష్మి అని పూజ చేస్తా వచ్చినారు," అన్నాడాయన. "చేతిలో వరి కంకులుండాయి గదా, ధాన్యలక్ష్మి. మా తాతల కాలం నుంచీ ఉండాది. ఇప్పుడు చేసేవాళ్ళు ల్యా."

"ఎందుకు ల్యా?"

"అన్న పోయి ఏడాది దాటె. చేస్తా ఉండింది వదిన. ఇంక ఆమె చెయ్యగూడదు గదా! మొగుడు పోయినామె చేతిలో లక్ష్మి నిలుస్తాదా? నా పెండ్లాము సోలై నగర్ బడిలో టీచరు, దానికి టైం యాడుండాది? పూజ ల్యాకుండా పెట్టుకుంటే దోసం. అందుకే."

వీపు తిప్పి చూశాను. ఏమీ కనిపించలేదు. దేవిని చెక్కపీటలో పొదిగి కదలకుండా లక్కతో అతికించారట. ఈయన స్క్రూడ్రైవర్ పెట్టి పెళ్ళగించుకొచ్చాడు. వీపంతా నల్లటి లక్క గడ్డకట్టి ఉంది. చింతపండు అక్కడికి చేరలేదు.

ముస్యేకు ఆ రోజు కాళ్ళు నేలమీద నిల్చోలేదు. ఎందుకంటే, ధాన్యదేవత మెడళ్ళు తప్ప ఇంకేమీ కొనని ఒక ఫ్రెంచి ముసలాయన సరిగ్గా ఆ వారం ఊళ్ళో ఉన్నాడు. మేమాయన్ని చాటుగా ధాన్యం దొర అనుకునేవాళ్ళం. శనివారం పొద్దున్నే ఆయన ప్రయాణం. కబురు అందగానే సైకిలు మీద వచ్చేశాడు. తోమిన మొహం చూసి పెదవి విరుస్తాడనుకున్నాను. విరవలేదు. కనుబొమల మధ్య గుంటలో చిటికెనవేలు పెట్టి చూశాడు.

"నేను చూసిన ధాన్యదేవతలందరూ బీరువాల్లో నిద్రపోయినవాళ్ళే," అన్నాడు. "పనిచేసిన దేవత ఈవిడొక్కతే."

అబ్బ, ఎంత మాట! నాకాయన మీద కోపం తెచ్చుకోవడం కుదరలేదు. బేరం ఖాయమైంది. శుక్రవారం పెద్దమనిషి దగ్గర మేము కొనాలి, శనివారం పొద్దున దొరకు అందించాలి.

వాళ్ళు మెడల్‌ను మా దగ్గరే వదిలి వెళ్ళగానే దూదిని స్పిరిట్‌లో ముంచి అంచు మీద పట్టిన లక్కను కాస్త తుడిచాను. అంచును పరీక్షించే హక్కు మాకు ఉంది. అది మా పని. భూతద్దం కింద ఏదో చిన్న మచ్చ. ఇంకాస్త తుడిచాను. మచ్చకు రెక్కలు వచ్చాయి.

"తేనెటీగ!" అని అరిచాను.

ముస్యే టీ వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. ఫ్రాన్సు టంకశాల తన మెడళ్ళ అంచు మీద ఒక్కో కాలంలో ఒక్కో గుర్తు కొట్టేది. తేనెటీగ గుర్తు పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో కొన్నేళ్ళే నడిచింది. అంటే ఇది తర్వాత ఎవరో పోతపోసిన నకలు కాదు, అసలుది. అక్కడ కొట్టి, ఓడెక్కించి, ఇక్కడెవరికో ఇచ్చింది. ఆ వయసులో ముస్యే నా రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పాడు. మాతో పనిచేసే ఫొటోగ్రాఫర్ అది చూసి, "ఏంటి ముస్యే, ఎవరికి పెళ్ళి?" అన్నాడు. ఈ ఫొటోగ్రాఫరే ఆ తర్వాత మహిమ కథను పుట్టించిన మహానుభావుడు. వాడి సంగతి ఉంచండి.

"ఇక వీపు చూద్దాం," అన్నాను.

ముస్యే మొహం మారిపోయింది. "వద్దు. లక్క తీసి చూస్తే కింద ఏమీ లేకపోతే? ఏమీ లేదని తెలియడం కంటే ఏదో ఉందేమో అనుకోవడం అమ్మకానికి మంచిది."

"అది దుకాణం కాదు ముస్యే, లాటరీ. అంచు, వీపు, మొహం అని నేర్పింది మీరే కదా?"

"నేర్పింది నేను కాబట్టి మానే హక్కు కూడా నాదే."

"బహుమతి మెడల్ అంటే వెనక గెలిచినవాళ్ళ పేరుంటుంది. పేరు తెలియకుండా అమ్మితే మనిషిని అమ్మినట్టు."

"నీకు నోరు తప్ప ఇంకేమైనా ఉందా?"

"ఉంది. స్పిరిట్ ఉంది."

ఆయన మెడల్‌ను తీసుకెళ్ళి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

శుక్రవారం పొద్దున దుకాణం తెరిచేసరికి మెట్టు మీద ఒక ఆవిడ కూర్చుని ఉంది. అరవై పైబడ్డ మనిషి, బోసి నుదురు. ఒళ్ళో బాదమాకులో చుట్టిన మల్లెపూలు.

"పాపా, పాత బిళ్ళలు కొంటారంటనే, ఆ యంగడి ఇదేనా? మా మరిది నిన్న ఒక సామిని తెచ్చినాడా?"

నాకు అర్థమైపోయింది. "ఇదే అక్కా. లోపలికి రా."

"వద్దు పాపా. శుక్రవారం పూట, యాపారం జరిగే చోటు. నేను లోపలికి రాగూడదు. ఈడే ఉంటా. అమ్మొద్దని చెప్పేదానికి రాల్యా, బయపడొద్దు. ఒక్కసారి చూసి, ఈ పూలు పెట్టేసి పోతా. కాపరానికి వచ్చిన కాడి నుంచీ నేనే కదా బొట్టు పెట్టింది. మా ఆయన పోయినప్పటి నుంచీ ఆ గదిలోకే పోనియ్యల్యా. ఎట్లుండాదో ఏమో."

ఆ గుంట ఆవిడ వేలిది! ఆవిడదీ, ఆవిడ అత్తదీ, ఆ అత్తకు అత్తదీ. నేనూ ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చున్నాను. 

"అక్కా, దాని వెనకవైపు ఏముందో ఎప్పుడైనా చూసినారా?"

ఆవిడ చెంపలు వేసుకుంది. "అయ్యో! సామి వీపు చూడగూడదు పాపా. చూస్తే దరిద్రం. మా అత్త నాకు మొట్టమొదట చెప్పిండేదే అది. తోమేటప్పుడు కూడా పీటలో ఉన్నిది ఉన్నట్టే తోముతాము."

చూశారా! మా దుకాణంలో వీపు చూడకపోతే తప్పు. వాళ్ళింట్లో వీపు చూస్తే తప్పు. ఆ తేడాకు నేను అప్పుడు లోలోపల నవ్వుకున్నాను గానీ, ఆ తప్పే ఆ వీపును ఇన్నాళ్ళు కాపాడిందని తెలియడానికి ఇంకాస్త సమయం పట్టింది.

ఇంతలో మరిది స్కూటరు మీద దిగాడు. వదినను చూసి మొహం ముడుచుకున్నాడు. "నువ్వెందుకు వస్తివి వదినా?" అని విసుక్కుని లోపలికొచ్చి, "అక్కా, సీక్రం కానియ్యండి, పనుండాది" అన్నాడు. ముస్యే ఇనప్పెట్టె తెరిచి మెడల్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. సంతకమొకటే తరువాయి.

అప్పుడు నా నోటికి తోచింది.

"తమ్ముడూ, ఈ రోజు ఏ వారం?"

"శుక్రవారం."

"శుక్రవారం పూట చేబదులు కూడా ఇయ్యరే మనిళ్ళల్లో. లక్ష్మినే అమ్మేస్తావా?"

పెన్ను పట్టుకున్న చెయ్యి ఆగింది. ముస్యే నావైపు చూసిన చూపు మామూలుది కాదు. ఆయుధపూజకు దుకాణం ముందు గుమ్మడికాయ కొడదామంటే రోడ్డు పాడు చేస్తారా అని గొడవపెట్టే మనిషిని నేను. నా నోట శుక్రవారం మాటా! ఫొటోగ్రాఫర్ అయితే కెమెరా పక్కన పెట్టి నోరెళ్ళబెట్టాడు. మహిమ కథ వాడి బుర్రలో మొలకెత్తింది ఆ క్షణంలోనే అని నా అనుమానం.

నాకు వారాల మీద నమ్మకం లేదు. కానీ ఆయనకుంది. వదిన చేతికి లక్ష్మి నిలవదని నమ్మినవాడు శుక్రవారాన్ని కూడా నమ్మాలి కదా? ఒకటి నమ్మి ఇంకొకటి వదిలేయడం ఎక్కడి న్యాయం?

"అవునక్కా," అన్నాడు నసుగుతూ. "రేపు పొద్దున్నే సంతకం పెడతా. దొర పొయ్యేలోపల వచ్చేస్తా."

"మంచిది. ఈలోపల వెనకున్న లక్క తీసి చూస్తాం. ఇది ఎవురిది? నీదొక్కడిదేనా?"

"కుటుంబ సొత్తు."

"అయితే మీ వదిన కుటుంబం కాదా? ఆమెను కూడా అడగాల."

ఆయన ముస్యేవైపు చూశాడు. ముస్యే పైకప్పువైపు చూశాడు. నేను గుమ్మం దగ్గరికి వెళ్ళి అడిగాను. "అక్కా, లక్క తీస్తే సామి వీపు కనపడుతుంది. తీయమంటారా?"

ఆవిడ ఒళ్ళోని పూలపొట్లం విప్పి మళ్ళీ చుట్టింది. వద్దంటుందనుకున్నాను.

"చూస్తే దరిద్రమనే కదా ఇన్నాళ్ళూ చూడల్యా," అంది చివరికి. "చూడకుండానే పసుపుకుంకాలు పోయినాయి. ఇంకేం పోతాది? తీయి పాపా."

బల్లను గుమ్మం దగ్గరికి జరుపుకున్నాను, ఆవిడకు కనపడేలా. స్పిరిట్ తడిపిన దూది లక్క మీద పరిచి ఓపిక పట్టాలి. తొందరపడి గీకితే అంతే సంగతులు. లక్క మెత్తబడ్డాక వెదురు పుల్లతో కొంచెం కొంచెంగా లేపాలి. మొదట ఆకులు తేలాయి, చుట్టూ దండలా. నా ప్రాణం లేచొచ్చింది. లక్క కింద చాయ చెక్కుచెదరలేదు! బెల్లంపాకం రంగులో, నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టు! ముఖం అరిగిపోతే వీపు కన్నెపిల్లలా ఉంది. అప్పటిదాకా బిగుసుకుని కూర్చున్న ముస్యే ఎప్పుడొచ్చాడో నా భుజం మీద నుంచి తొంగిచూస్తూ "మెల్లిగా, మెల్లిగా" అని ఊపిరాడనివ్వడం లేదు.

దండ మధ్యలో చేత్తో చెక్కిన అక్షరాలు. కింది వరస ముందు బయటపడింది. ముస్యే చదివి పకపకా నవ్వాడు. "వేరుశెనగ! మొదటి బహుమతి!"

"మల్లాటకా?" అంది గుమ్మం దగ్గర ఆవిడ, వేరుశెనగకు ఇక్కడి పల్లెల్లో అందరూ వాడే మాటతో. "మల్లాటకి బిళ్ళ ఇస్తారా?"

తర్వాత మధ్య వరస. ఒక మగపేరు, దాని ముందు ఇంటిపేరు. ముస్యే కూడబలుక్కుంటూ చదివేసరికి మరిది కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "మా యింటిపేరు! మా యింటిపేరే! ఆ పేరు మా తాతకి తాత పేరు, కర్మలప్పుడు మేము చెప్పే పేరు!" అప్పటికప్పుడే పెండ్లానికి ఫోన్ చేసి, "ఏమే, మా తాత ఫ్రెంచోళ్ళ దగ్గర మెడల్ కొట్నాడే! మల్లాటలో ఫస్టు!" అని వీధంతా వినిపించేలా అరిచాడు. ఫోన్ పెట్టి మీసం దువ్వుకున్నాడు. నాకూ ముచ్చటేసింది, అబద్ధమెందుకు?

ఇంక పై వరస ఒకటే మిగిలింది. పేరుకు ముందు ఒకే ఒక్క మాట. దూది వేశాను, ఆగాను, పుల్లతో లేపాను. మాట మొత్తం బయటికి వచ్చింది. నేను చదివాను. ముస్యే చదివాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"నువ్వు చెప్పు," అన్నాడు ముస్యే మెల్లిగా. "నాకు నోరు రావడం లేదు. నీకు ఎలాగూ ఉంది కదా."

చెప్పాను. "తమ్ముడూ, ఈ మెడల్ మీ తాతకి ఇయ్యల్యా. మీ తాత విధవకి ఇచ్చినారు."

"ఏంది?"

"ముందర మాట అదే. విధవ. ఫలానా ఆయన విధవకి, వేరుశెనగ సాగుకి, మొదటి బహుమతి. మీ తాత అప్పటికే పోయినాడు. చేను చేసింది ఆమె. గెలిచింది ఆమె. ఈ లక్ష్మిని మీ ఇంటికి తెచ్చింది ఆమె."

"ఆ మాటకి ఇంకొక అర్థం ఉంటాది అక్కా."

"లేదు."

"సార్, మీరు చెప్పండి!"

ముస్యే లేదన్నట్టు తల ఊపాడు. మరిదికి అదీ చాల్లేదు. ఫోన్ తీసి ఆ మాటను ఫొటో పట్టి తమిళంలోకి మార్చమన్నాడు. ఫోన్‌లోని ఆడగొంతు ఏ మొహమాటమూ లేకుండా, ఖణీమని పలికింది: "విదవై."

మరిది ఫోన్‌ను గబుక్కున జేబులో దోపుకున్నాడు. అప్పుడు నన్నడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? "అయితే అక్కా, ఇప్పుడు రేటు పెరగతాదా?"

నేను జవాబిచ్చేలోపలే గుమ్మం దగ్గర కదలిక. ఆవిడ లేచి నిలబడింది. గడప దాటి లోపలికి వచ్చింది. నేరుగా బల్ల దగ్గరికి వచ్చి చెయ్యి చాచింది.

"ఇట్టా ఇయ్యి పాపా."

ఇచ్చాను. ముస్యేను అడగలేదు. ఆవిడ వీపు చూసింది. చదవడం రాకపోయినా వేలితో ఆ మొదటి మాట మీద అటూ ఇటూ రాసింది. తర్వాత మొహం తిప్పి, ఆ గుంటలో వేలు పెట్టింది. అచ్చంగా సరిపోయింది!

"ఆ మల్లాట చేను యాడుండాదో తెలుసునా నీకు? మేట్టుపాళయం పక్కన. ఇప్పుడు గోడౌన్లు కట్టేసినారు. నేను వచ్చిన కొత్తలో దాంట్లో మల్లాట పెరికినా. మట్టి చేతులతోనే వచ్చి ఈమెకి దండం పెట్టుకుంటా ఉంటి."

"వదినా," అన్నాడు మరిది, "మాటిచ్చేసినా, రేపు దొర..."

"రేపు శనివారం. రేపు ఇనుప మేకు కూడా కొనము మనము. ఎల్లుండి చూస్తాములే."

"ఎల్లుండికి దొర యాడుంటాడు వదినా?"

"అయితే పోనీ." మెడల్‌ను కొంగున ముడివేసుకుంది. "విధవ ముట్టుకోగూడదంటివే. ముందు తెచ్చినామెని అడిగి రాపో. ఆమె వద్దంటే నేనే తెచ్చి ఇచ్చేస్తా."

గెలిచానని ఎగిరి గంతెయ్యాలనిపించింది నాకు. వాదనలో అంత బాగా కొట్టిన దెబ్బ నేను అంతకుముందు చూడలేదు, నేను కూడా కొట్టలేదు. మరిది కాసేపు తల గోక్కున్నాడు. చెడ్డవాడేమీ కాదు. చివరికి, "సరే, ఆ బస్సు కోసరం నిలబడొద్దు. బండిలో దిగబెడతా రా" అన్నాడు. మల్లెపూలు ఆవిడ నా బల్ల మీదే మర్చిపోయింది. అలా, గైడ్లు దాటలేదని చెప్పే గడపను లక్ష్మీదేవి ఒక విధవ కొంగులో కూర్చుని దాటింది.

ముస్యే చాలా రోజులు నాతో పనికి అవసరమైన మాటలే మాట్లాడాడు, అవి కూడా తమిళంలో. దొరకు సంగతి చెప్పే బాధ్యత నామీదే పడింది. ఆయన విని, కోప్పడకుండా, "దేవత మళ్ళీ పనిలో చేరిందన్నమాట" అన్నాడు. ఒక ఫొటో అడిగాడు, అంతే. ఆవిడ కొంగున ముడివేసేలోపలే మా ఫొటోగ్రాఫర్ రెండువైపులా తీసిపెట్టాడు. ఆ ఒక్క పనికి వాడి అబద్ధాలన్నీ క్షమించాను. తర్వాత కొంతకాలానికి ముస్యే తనంతట తానే ఆ వీపు ఫొటోకు పటం కట్టించి, తన కుర్చీ వెనక గోడకు తగిలించాడు. ఎవరైనా అడిగితే, "అంచు, వీపు, మొహం, ఇది నా సూత్రం" అని చెప్పేవాడు. నేను పక్కనుండగానే!

ఆ ఇంటికి నేను చాలాసార్లు వెళ్ళాను. పూజ ఆవిడే చేస్తోంది. లక్ష్మి ఇప్పుడు పీటలో లేదు. ఒక చిన్న పలకకు ఆనించి నిలబెట్టి, వెనకాల అద్దం పెట్టారు, రెండువైపులా కనపడేలా. దయచేసి చింతపండు మాత్రం వద్దక్కా అని నేను వెళ్ళిన ప్రతిసారీ పోట్లాడతాను. "నీ పాటినా నువ్వే పెట్టుకో పాపా. మురికి పట్టిన సామికి నేను దండం పెట్టను" అంటుంది. రాజీ ఎక్కడ కుదిరిందంటే, మొహం ఆవిడ ఇష్టం, వీపు నా ఇష్టం.

కానీ ఇంత చేసినా నేను గెలవని వాదన ఒకటి ఉంది. ఆ శుక్రవారం స్కూటరు ఎక్కుతూ ఆవిడ వెనక్కి తిరిగి నన్ను ఒక మాట అడిగింది. "పాపా, ఆమె మొగుడి పేరు చదివినారు. ఆమె పేరేంది?"

మెడల్ మీద లేదు. ఫలానా వాడి విధవ, అంతే చెక్కారు. ముస్యేను అడిగితే ఆ కాలంలో అలాగే రాసేవాళ్ళన్నాడు. అలాగే రాసేవాళ్ళని నాకూ తెలుసు, అది జవాబు కాదు. మరిదిని అడిగితే కర్మలప్పుడు చెప్పే మగపేర్లన్నీ గడగడా అప్పజెప్పాడు, ఆగి, "ఆడోళ్ళ పేర్లు మాకు చెప్పల్యాక్కా" అన్నాడు. ఊళ్ళో ముసలివాళ్ళను అడిగాను. ఆ చేను ఉన్న చోట గోడౌన్ కాపలాదారును కూడా అడిగాను, నా పిచ్చి కాకపోతే. మొగుడు పోయాక చేను వదలకుండా పట్టుకుని, ఈ ఎర్రమట్టిలో అందరికంటే బాగా వేరుశెనగ పండించి, సర్కారు మనుషుల ముందుకు బోసి నుదురుతో నడిచి వెళ్ళి చెయ్యి చాచి ఆ బహుమతి తీసుకున్న మనిషి. ఆ రోజు ఆమెను అందరి ముందూ ఏమని పిలిచారు? చేలో ఆమెతో పనిచేసినవాళ్ళు ఏమని పిలిచారు? ఆమె పేరేంటి?